చీటీల మీద ప్రశ్నలు

రేపు ప్రశ్నలడగడమే బతుకుతెరువు చేసుకోబోయే పిల్లలు ఇవాళ తమ ప్రశ్నని లేచి నిలబడి అడగలేక చీటీ మీద రాసి పంపారు. ఆ చీటీల మీద పేర్లు లేవు. దాన్ని పిరికితనం అనడానికి నాకు మనసొప్పదు. పిరికివాళ్ళయితే అసలు రాసేవాళ్ళే కాదు. ఏది అడిగితే ఎవరేమనుకుంటారో అన్న లెక్క ఈ వయసుకే వాళ్ళకి బాగా వచ్చేసింది. ఆ లెక్క నేర్పింది మనమే కాబట్టి మరిపించాల్సిందీ మనమే.

సభ జరిగింది గుణదలలో, ఏలూరు కాలువకి దగ్గర్లోని ఒక కాలేజీలో. పత్రికలు, టీవీ, ప్రకటనలు, పబ్లిక్ రిలేషన్స్ ఉద్యోగాల్లోకి వెళ్ళాలనుకునే ఆడపిల్లల కోసం ఒక రోజు కార్యక్రమం పెట్టారు. గుణదల అనగానే బయటి ఊళ్ళవాళ్ళకి మేరీమాత కొండ, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్ళు గుర్తొస్తాయి. 1924లో ఫాదర్ ఆర్లాటి ఇక్కడ మేరీమాత విగ్రహం పెట్టించినప్పటి నుంచీ ఈ కొండకి మొక్కులు వస్తూనే ఉన్నాయి. మా విజయవాడ వాళ్ళకి మాత్రం ఈ వైపంతా చదువుల పేట. ఆంధ్రా లయోలా ఇక్కడే. ఆడపిల్లల కోసం 1962లో వచ్చిన మారిస్ స్టెల్లా కూడా పెద్ద దూరం కాదు. ఆ రోజు పిల్లలు ఆగిరిపల్లి, గన్నవరం, కంకిపాడు, ఉయ్యూరు వైపుల నుంచి కూడా వచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేకపోవడం ఇలాంటి రోజుల్లో ఎంత ఆసరానో, మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళ మాటల్లో తెలిసింది. సభకి వెళ్తామంటే ఇంట్లో ఛార్జీల మాట రాలేదట.

ఉదయం మాట్లాడినవాళ్ళు బాగానే మాట్లాడారు. ఒక టీవీ యాంకరు, ఒక ఆసుపత్రిలో పీఆర్వోగా చేస్తున్న అమ్మాయి, ప్రకటనల ఏజెన్సీలో కాపీ రాసే ఆవిడ, పత్రికల డెస్కుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన నేను. "ఎవరికైనా సందేహాలుంటే అడగండమ్మా" అంటే హాలంతా నిశ్శబ్దం. మైకు చేతికిస్తే "మీకు స్ఫూర్తి ఎవరు మేడమ్" లాంటివి రెండు మూడు వచ్చాయి. అప్పుడు ఆ కాలేజీ లెక్చరర్ ఒకావిడ, పిల్లల్ని బాగా ఎరిగిన మనిషి, ఖాళీ చాక్‌పీసుల డబ్బా ఒకటి వరసల్లోకి పంపింది. పేరు రాయక్కర్లేదని చెప్పింది. డబ్బా నిండి తిరిగొచ్చింది.

"జీతం ఎంతిస్తారని ముందే అడిగితే ఉద్యోగం ఇవ్వరా?" "రాత్రి ఎడిషన్ అయ్యాక ఇంటికి ఎవరు దింపుతారు?" "రంగు తక్కువుంటే యాంకరుగా తీసుకోరా?" "క్రైమ్ బీట్ అమ్మాయిలకిస్తారా?" "మా నాన్నగారు టీచరుద్యోగమైతే సరే అంటున్నారు, టీవీ అంటే వద్దంటున్నారు. ఆయనకి ఏమని చెప్పను?" "రిపోర్టరంటే పెళ్ళి సంబంధాలవాళ్ళు వెనక్కి పోతారట, నిజమేనా మేడమ్?" "మన ఫొటో కింద ఎవరో చెత్తగా రాస్తే ఆఫీసు మన వెనక నిలబడుతుందా?" ఇంకో చీటీ, మడత మీద మడత పెట్టి బాగా చిన్నది చేసి పంపినది: "ఇంటర్న్‌షిప్‌లో ఒక సార్ రోజూ రాత్రిళ్ళు మెసేజ్‌లు పెడుతున్నారు. చెబితే సర్టిఫికెట్ ఇవ్వరేమో."

ఈ చీటీలు వరసగా చదువుతుంటే నాకొకటి తట్టింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఎందుకు. విలేఖరికి మొదటి రోజు నేర్పేది ఇవే కదా! ఎంత ఇస్తారు, ఎవరు దింపుతారు, ఎందుకు ఇవ్వరు అని ఈ పిల్లలు అడిగినవీ అవే. తమ జీవితం మీద తామే రిపోర్టింగ్ మొదలుపెట్టారు. ఉదయం మేము చెప్పిన పట్టుదల, కష్టపడే తత్వం లాంటి మాటల్లో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు.

కృష్ణా, గోదావరి డెల్టాలకి ఇది కొత్త కాదు. ఇంట్లో అడగలేనిది ఆడవాళ్ళు అచ్చులో అడగడం ఇక్కడ శతాబ్దం దాటిన అలవాటు. కాలేజీ పక్కనున్న ఈ కాలువ వెంటే పోతే వచ్చే ఏలూరులో 1902లో సత్తిరాజు సీతారామయ్య గారు 'హిందూ సుందరి' పత్రిక పెట్టారు. మోసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయి దానికి సంపాదకత్వం వహించారు. అదే పత్రికలో అదే ఏడు భండారు అచ్చమాంబ గారి కథ 'ధనత్రయోదశి' వచ్చింది. అచ్చమాంబ గారు మన జిల్లా మనిషే. 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి దగ్గర అక్షరాలు దిద్దుకుని, 1901 నాటికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. ముప్ఫయ్యేళ్ళ వయసులోనే, 1905లో పోయారు.

అమెరికాలో మీడియా ఉద్యోగాల ఆడవాళ్ళ సంఘాలకి మూలమని చెప్పుకునేది 1909లో సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఏడుగురు జర్నలిజం విద్యార్థినులు పెట్టుకున్న సంఘం. ఇప్పుడు అక్కడ విద్యార్థినుల కోసం జరిగే పెద్ద పెద్ద కెరీర్ సభల పుట్టుక అలాంటి సంఘాల్లోంచే. ఆ విద్యార్థినుల కంటే ఏడేళ్ళ ముందే బందరులో ఆడవాళ్ళు ఒక గదిలో కూర్చుని చదువు గురించీ రాత గురించీ మాట్లాడుకున్నారు. ఈ మాట ఆ రోజు పిల్లలకి చెప్పాను. వాళ్ళ పాఠాల్లో అచ్చమాంబ గారి పేరు వినలేదన్నారు. బాధేసింది. తెలుగులో జర్నలిజం చెప్పే ఏ కాలేజీలోనైనా ఆవిడ మొదటి పాఠం కావాలి.

ఇక చీటీల మాటకొస్తే, మాలతీ చందూర్ గారు నడిపింది అలాంటి ప్రశ్నల పేజీనే. నూజివీడులో పుట్టిన ఆవిడ 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా పాఠకుల ఉత్తరాలకి జవాబులిచ్చారు. మర్యాదలు, వంటలు, ఆరోగ్యం, అత్తింటి గొడవలు, భర్త చేయి చేసుకోవడం, మనసు నలతలు, ఉద్యోగం. పల్లెల్లోంచి ఇన్‌లాండ్ కవర్ల మీద ఎన్ని గుట్టు ప్రశ్నలు వెళ్ళి ఉంటాయో! మా అమ్మ వయసు వాళ్ళు ఆ పేజీ ముందు చదివి, సీరియల్ తర్వాత చదివేవాళ్ళు. ఆవిడ జవాబుల్లో నాకు బాగా నచ్చేది, ఓదార్పుతో సరిపెట్టకపోవడం. ఫలానా డాక్టర్ని చూడు, ఫలానా పరీక్షకి కట్టు, ఫలానా పుస్తకం చదువు అని చెప్పేవారు. సమాచారమే ఆవిడ ఓదార్పు.

అప్పట్లో తెలుగు పత్రికలు ఆడవాళ్ళ కలం మీదే బతికాయంటే అతిశయోక్తి కాదు. అరవైలు, డెబ్భైలలో వారపత్రికల సీరియళ్ళన్నీ దాదాపు వాళ్ళవే. కాజ గ్రామం నుంచి వచ్చిన యద్దనపూడి సులోచనారాణి గారి నవల కోసం పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడని ఇళ్ళు ఈ జిల్లాలో ఎక్కడున్నాయి! గొంతుకీ చోటు దొరికింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి స్టూడియోల్లో ఆడవాళ్ళు పాడారు, నాటకాల్లో నటించారు, అనౌన్సర్లయ్యారు. ఢిల్లీ నుంచి జోలెపాళెం మంగమ్మ గారు వార్తలు చదువుతుంటే ఊళ్ళు విన్నాయి.

కానీ ఏది వార్త, ఏది కాదు అని తేల్చే బల్ల దగ్గరికి ఆడవాళ్ళు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఇదే విజయవాడకి 1959లో ఆంధ్రప్రభ దినపత్రిక వచ్చింది, 1960లో ఆంధ్రజ్యోతి పుట్టింది, అంతకు ముందే 1952 నుంచి విశాలాంధ్ర ఉంది. తెలుగు పత్రికలకి రాజధాని అనిపించుకున్న ఊరు ఇది. ఈ ఊళ్ళో రాత్రి పూట ఎడిషన్ పంపే డెస్కుల మీద ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన కాలం చాలా సాగింది. నేను చేరినప్పుడు నా చేతికిచ్చింది మహిళల పేజీ. ఆ పేజీ అంటే నాకు చిన్నచూపు లేదు, అక్కడే వాక్యం కుదించడం నేర్చుకున్నాను. అయితే సాగునీటి వార్త రాస్తానంటే "అదెందుకమ్మా మీకు, ఎండల్లో తిరగాలి" అన్నారు. నాట్లేసేదీ కలుపు తీసేదీ ఆ ఎండలో ఆడవాళ్ళేనన్న సంగతి, మా డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ బల్ల దగ్గర ఆడవాళ్ళుంటే ఏం మారుతుందని ఎవరైనా అడిగితే నేను బుడమేరు వరద చూపిస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. అవి గుణదలకి దూరమేమీ కాదు. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద రావడం, కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర ఢీకొట్టడం, డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపడం మొదటి పేజీలకెక్కాయి. రావాల్సినవే అవి. మేడల మీద రోజుల తరబడి చిక్కుకున్న ఆడవాళ్ళు మరుగుకి ఎక్కడికెళ్ళారు? నెలసరి వచ్చిన పిల్లలు ఏం చేశారు? నెలలు నిండినవాళ్ళని ఏ పడవలో దించారు? పాచిపనులు చేసేవాళ్ళు నీళ్ళు తీశాక పనుల్లోకి వెళ్తే యజమానులు ఉంచుకున్నారా, ఆ నెల జీతం ఇచ్చారా? ఇవీ వచ్చాయి, రాలేదనను. నేను చదివినంతలో ఆలస్యంగా, లోపలి పేజీల్లో వచ్చాయి. పొట్లంలో అన్నంతో పాటు ప్యాడ్లు కూడా పెట్టాలన్న మాట మొదటి రోజు మొదటి పేజీలో వచ్చి ఉంటే, రెండో రోజు డ్రోన్లలో అవి వెళ్ళేవి. వార్తకి ఆ బలం ఉంది కాబట్టే ఆ వార్త రాసేదెవరన్నది ముఖ్యం.

ప్రపంచమంతా ఇదే తీరు. వార్తల్లో ఎవరి గురించి రాస్తున్నారు, ఎవరి మాట వింటున్నారు అని అయిదేళ్ళకోసారి దేశదేశాల్లో ఒకే రోజు లెక్కగట్టే అధ్యయనం ఒకటుంది, గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్. 1995లో వార్తల్లోని మనుషుల్లో ఆడవాళ్ళు 17 శాతం. 2020లో 25 శాతం. పాతికేళ్ళకి పెరిగింది ఎనిమిది.

పట్టుబడితే మారుతుందనడానికి కూడా దాఖలా ఉంది. 1933 మార్చిలో అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ విలేఖరుల సమావేశాలు పెట్టడం మొదలుపెట్టి, వాటికి ఆడ విలేఖరులే రావాలని నియమం పెట్టారు. ఆ వార్తలు కావాలంటే పత్రికలూ వార్తాసంస్థలూ ఒక ఆడ విలేఖరినైనా పెట్టుకోక తప్పలేదు. అవి ఆర్థిక మాంద్యం రోజులు, ఉద్యోగాలు ఊడిపోతున్న కాలం. ఆవిడ స్ఫూర్తి గురించి ఉపన్యాసం ఇవ్వలేదు, ఉద్యోగాలు నిలబడే ఏర్పాటు చేశారు.

మన తెలుగు నేల మీద ఇంకా గొప్ప ఏర్పాటు ఉంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్ళే దాన్ని నడుపుతున్నారు. జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ పేర్లు అలా బయటికొచ్చాయి. ఏం మాట్లాడాలో, ఎవర్ని మాట్లాడించాలో వాళ్ళే నిర్ణయిస్తారు. అక్కడి ఆడవాళ్ళు అంతకు ముందే వీడియో కెమెరా కూడా పట్టారు. పై నుంచి కిందికి చూసేదాన్ని పటేల్ షాట్ అన్నారు, ఎదుటి మనిషి కళ్ళకి సమానంగా పెట్టి తీసేదాన్ని సంఘం షాట్ అన్నారు. పొలం పని చేసుకునే ఆడవాళ్ళు చెప్పిన ఈ పాఠం కంటే మంచి కెమెరా పాఠం నేను ఏ కాలేజీలోనూ వినలేదు.

ఆ మధ్యాహ్నం డబ్బాలోని చీటీలకి నలుగురం కూర్చుని ఒక్కొక్కటిగా జవాబు చెప్పాం. కొన్నిటిని ఇక్కడా చెబుతాను, ఆ హాల్లో లేని పిల్లలకి పనికొస్తాయని.

జీతం అడగాలి. ఎంత అన్నదొక్కటే సరిపోదు. ట్రైనీగా ఎన్నాళ్ళు, బాండు ఉందా, తర్వాత హోదా ఏమిటి, పీఎఫ్ కడతారా అన్నవి నియామక పత్రంలో ఉండాలి. నెలకి 21 వేల రూపాయల లోపు జీతమైతే, 2017 నుంచి ఉన్న పరిమితి ప్రకారం ఈఎస్ఐ వర్తిస్తుందా అని అడగాలి. ఈఎస్ఐ ఆసుపత్రి గుణదలలోనే ఉంది, రోజూ దాని ముందు నుంచే వెళ్తారు మీరు. మండలాల్లో కంట్రిబ్యూటరుగా చేరితే అది జీతం ఉద్యోగం కాదని, రాసినదాన్ని బట్టి చేతికొచ్చేది చాలా తక్కువని, ప్రకటనలు తెమ్మని అడుగుతారని తెలిసి చేరాలి. తెలిసి చేరితే అదీ మంచి బడే. ఊరు నేర్పినంతగా ఎవరూ నేర్పరు.

మెసేజ్‌ల చీటీకి జవాబు చెప్పడానికి ఎక్కువసేపు తీసుకున్నాం. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. దానికి అధ్యక్షత వహించేది ఆడమనిషే కావాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. పదిమంది కంటే తక్కువుంటే జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళవచ్చు. మామూలుగా మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. అన్నిటికంటే ఈ పిల్లలకి తెలియాల్సింది, ట్రైనీలకీ జీతం లేని ఇంటర్న్‌లకీ కూడా ఆ చట్టం వర్తిస్తుందని. ఆఫీసు పంపే కారు కూడా చట్టం దృష్టిలో పనిచోటే. ఆ మాట విన్నప్పుడు హాల్లో కొందరు నోటుపుస్తకాలు తెరిచారు. అప్పటిదాకా తెరవలేదు.

రంగు గురించిన ప్రశ్నకి యాంకరుగా చేస్తున్న అమ్మాయి తనే జవాబు చెప్పింది. చూస్తారని, అది అన్యాయమని, గొంతుతోనూ వార్త మీద పట్టుతోనూ తను నిలబడ్డానని చెప్పింది. నిజం దాచనందుకు ఆమెకి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

నాన్నగారి ప్రశ్నకి మాత్రం నా దగ్గర చట్టం లేదు. ఆ తండ్రి చెడ్డవాడేమీ కాదు. బిడ్డ రాత్రి ఎలా ఇల్లు చేరుతుందోనని ఆయన భయం. ఆ భయానికి జవాబు చెప్పాల్సింది ఆ అమ్మాయి కాదు, ఉద్యోగమిచ్చేవాళ్ళు. రాత్రి డ్యూటీ అయితే ఆఫీసు బండిలో గుమ్మం దాకా దింపుతామని కాగితం మీద రాసిస్తే సగం మంది తండ్రులు ఒప్పుకుంటారు. ఇది నా నమ్మకం.

ఇలాంటి సభలు పెట్టే కాలేజీలకి నా మనవి ఇది. స్ఫూర్తి కోసం మమ్మల్ని పిలవండి, వస్తాం. మాతో పాటు పత్రికల, ఛానళ్ళ హెచ్‌ఆర్ వాళ్ళనీ ఎడిషన్ ఇన్‌చార్జులనీ పిలిచి వేదిక మీద కూర్చోబెట్టండి. జీతం, రాత్రి బండి, కమిటీ సభ్యుల పేర్లు అడిగే ప్రశ్నలకి వాళ్ళచేత పిల్లల ఎదుట జవాబు చెప్పించండి. పత్రికల యాజమాన్యాలకి కూడా ఒక మాట. విజయవాడ ఎడిషన్లలో క్రైమ్, సాగునీరు, మార్కెట్ యార్డు, కలెక్టరేట్ బీట్లు ఈ పిల్లలకివ్వండి. ఇంటర్న్‌షిప్ అంటే ప్రెస్‌నోట్లు టైపు చేయించడం కాకుండా స్టైఫండ్ ఇచ్చి, ఒక సీనియర్ వెంట నెల రోజులు బయటికి పంపండి. కమిటీ పేర్లూ ఫోన్ నంబర్లూ ఆఫీసు నోటీసుబోర్డు మీద పెట్టండి. కమిటీ వివరాలు అలా పెట్టాలని చట్టం చెప్పి పుష్కరం దాటింది.